ముడిలో ఊదా పువ్వు

"డాక్టర్ సార్‌ను నువ్వు చంపినవా?"

"లేదు ఆపా."

"విత్తనాల సంచులు తీసినవా?"

"లేదు."

"తాళంచెవి నీ దగ్గర ఉండె కదా."

"సార్ దగ్గర కూడా ఉండె," అన్నాడు మోహసిన్. నిన్న సాయంత్రం నుంచి పోలీసులకు చెప్పి చెప్పి ఆ మాట అరిగిపోయింది. గొంతులో కోపం కూడా మిగల్లేదు.

నౌషీన్ స్టేషన్ గోడకు వీపు ఆనించి కాసేపు కళ్ళు మూసుకుంది. యాభైకి దగ్గర పడిన మనిషి. ఇరవై ఏళ్ళు పంటల బీమా కంపెనీకి దర్యాప్తులు చేసి, ఎండిన చేలన్నీ తిరిగి మోకాళ్ళు అరగదీసుకుంది. ఇప్పుడు రాందాస్ చౌరస్తాలో గడియారాల దుకాణం పైన సొంత డిటెక్టివ్ ఆఫీసు నడుపుతోంది. వచ్చే కేసుల్లో సగం పెళ్ళికొడుకుల గురించి వాకబు చేయడమే. నిన్న సాయంత్రం మోహసిన్ తల్లి తాజ్ బీ వచ్చి, కొడుకు ఇంటికి వచ్చేదాకా కుర్చీలోంచి లేవనంది. అన్నట్టే తెల్లారేదాకా లేవలేదు. నౌషీన్‌కు నిద్ర లేదు.

కేసు చూడటానికి చిన్నదే. కౌడిపల్లి రోడ్డులో సోయా విత్తనాల పరిశోధన తోట ఒకటి ఉంది. దాన్ని నడిపే శాస్త్రవేత్త డాక్టర్ జయానందం శనివారం నుంచి కనబడటం లేదు. ఆయన పనిచేసే నెట్ హౌస్‌లో నేల మీద రక్తం దొరికింది. చల్లగదిలో దాచిన విత్తనాల సంచులు మాయమయ్యాయి. స్టోరు చూసుకునేది మోహసిన్. డాక్టర్‌ను చంపి, సంచులు అమ్ముకుని, శవాన్ని మంజీరలో పడేశాడని పోలీసుల అనుమానం. ఏట్లో వెతుకుతున్నారు. ఈ సాయంత్రం కుర్రవాడిని కోర్టులో హాజరుపరుస్తారు. హత్య కేసులో ఒకసారి జైలుకు పోతే ఎప్పటికి బయటికొస్తాడో చెప్పలేం.

"శనివారం నీకూ డాక్టర్‌కూ లొల్లి అయిందట."

"లొల్లి కాదు ఆపా. పొద్దున మాట మాట అనుకున్నం. పువ్వు గురించి."

"పువ్వు గురించా?"

మోహసిన్ మొహం మీదికి చిన్న నవ్వు లాంటిది వచ్చి పోయింది. "మన దగ్గర దొరికే సోయా రకాలన్నీ ఒక్క ఖాందానే ఆపా. పేర్లు వేరు, తాత ఒక్కడే. ఒకదానికి రోగం తగిల్తే అన్నిటికీ తగుల్తది. పోయినేడు పల్లాకు తెగులు వచ్చి ఊర్ల పొంట చేన్లన్నీ పసుపు రాసినట్టు అయినయి. సార్ పెంచిన కొత్త రకాలు మాత్రం నిలబడ్డయి. దిగుబడి కూడా తగ్గలే. ఎందుకంటే సార్ ఖాందాన్ బయటికి పోయి సంబంధం తెచ్చిండు. ఎక్కడెక్కడి కొండల మీది పాత గింజలు తెచ్చి కలిపిండు."

"అయితే లొల్లి ఎక్కడ?"

"ఈసారి ఒక నల్ల గింజ తెచ్చిండు. తీగ లెక్క పాకుతది. ఊదా పువ్వు పూస్తదట. దాని పుప్పొడి మన తెల్లపువ్వు చెట్టుకు పెట్టాలె. కానీ గది పూస్తనే లేదు. సార్ దినాం పొద్దున పోయి దాన్ని తిట్టుకుంట కూసునేది. శనివారం దాకా ఒక్క మొగ్గ విచ్చలే. నేనేమన్నంటే, ఇన్నేండ్లు ఆగినం, అది పూసినంక చెట్టుకు చీటీ కడదాం సార్, మీ ఆదత్ మానుండ్రి అన్న."

"ఏం ఆదత్?"

"క్రాసింగ్ చేసినంక ఆడ పువ్వు కాడకు దారం కడతం. అందరు చీటీ కడతరు. సార్ మాత్రం ఏ మగ పువ్వు పుప్పొడి పెట్టిండో గా పువ్వునే దారం ముడిల ఇరికిస్తడు. చీటీ వానకు కరుగుతది, పువ్వు ఎండినా తండ్రి రంగు చెప్తది అంటడు. గాలికి కొట్టుకపోతది సార్ అంటే నా మీద గుర్రుమన్నడు. గంతే."

"శనివారం సాయంత్రం ఎక్కడున్నవ్?"

"ఇంట్ల పండుకున్న. అమ్మీ ఒక్కతే చూసింది."

అమ్మీ చూసిన సాక్ష్యం కోర్టుకు పనికిరాదని ఇద్దరికీ తెలుసు. నౌషీన్ మోకాలు పట్టుకుని లేచింది. బయట బెంచీ మీద తాజ్ బీ టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. డబ్బా మూత సరిగ్గా ఉందో లేదో మళ్ళీ ఒకసారి నొక్కి చూసుకుంది.

*

తోట ఆఫీసు వరండాలో ఇద్దరు మనుషులు ఆమె కోసం ఎదురుచూస్తున్నారు. ఒకరు ఆ భూమి యజమాని శశిధర్. తూప్రాన్‌లో పత్తి విత్తనాల వ్యాపారం, కొద్దిగా రాజకీయం. జయానందం పరిశోధనకు పెట్టుబడి పెట్టింది ఆయనే. రెండో మనిషి రిచర్డ్. పోలీసు శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై, హైదరాబాద్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్నాడు. శశిధర్ పిలిపించిన మనిషి. మోహసిన్ పేరు పోలీసులకు మొదట చెప్పింది ఇతనే.

"రండి మేడం," అన్నాడు రిచర్డ్. "నిద్ర లేనట్టుంది. మా క్లయింట్ టైం ఎక్కువ తీసుకోకండి."

"నా దగ్గర కూడా ఎక్కువ లేదు," అని నౌషీన్ ప్లాస్టిక్ కుర్చీ లాక్కుంది.

శశిధర్ ముఖం తుడుచుకుని మెట్ల కింద ఆగి ఉన్న కారు వైపు చూశాడు. స్టీరింగ్ ముందు ఒక అమ్మాయి కూర్చుని ఉంది. "బిడ్డా ఇషితా, వెనక డబ్బాల సల్లటి నీళ్ళున్నయా?"

"లేవు డాడీ. అది దవాఖాన డబ్బా. టీకాలవి," అంది ఆ అమ్మాయి, తల తిప్పకుండానే.

"నా బిడ్డ. హౌస్ సర్జన్ చేస్తుంది. తెల్లారక ముందే డ్యూటీకి ఉరుకుతది. ఇయ్యాల నా డ్రైవర్ రాలేదని పట్టుకొచ్చిన," అన్నాడు శశిధర్. "అడుగుండ్రి మేడం. మళ్ళీ మళ్ళీ చెప్పుడే అయితుంది నాకు."

"జయానందం సార్‌ను ఆఖరికి చూసింది మీరే కదా పటేలా."

"అవ్. శనివారం పొద్దుగూకేటప్పుడు. నెట్ హౌస్‌ల మొగ్గలు గిచ్చుకుంట కూసున్నడు. మోహసిన్ గాడు పక్కన నిలబడి లొల్లి పెట్టుకుంటుండు. నడుమ నాకెందుకని నేను తూప్రాన్ పోయిన."

"మొగ్గలు గిచ్చుడంటే?"

"మగ భాగం తీసేసుడు. సాయంత్రం తీసి పెడితే పొద్దున పుప్పొడి రుద్దుతరు. మా ఇంట్ల ముప్పై ఏండ్ల సంది నడిచిన పనే మేడం గిది. నాకు నేర్పనక్కర లేదు."

"అంత చేన్ల ఏ మొగ్గ గిచ్చిండ్రో పొద్దున ఎట్ల గుర్తుపడతరు?"

శశిధర్ తెలియని పిల్లకు చెప్పినట్టు ఓపికగా చెప్పాడు. "గిచ్చిన మొగ్గకు ఎర్ర కాయితం తొడుగుతరు. పొద్దున దూరం కెళ్ళే కనబడుతది."

"జయానందం సార్ తొడిగిండా?"

"నా కండ్లతోని చూసిన. ఒక్కొక్క మొగ్గకు తొడుగుతుండు. పాపం, గదే ఆఖరి చూపు."

నౌషీన్ ఆవలింత ఆపుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బీమా రోజుల్లో ఆ ఎర్ర కాయితాలు ఎన్ని చేలల్లో చూసిందో. తెల్లవారుజామున పూలతోటలా కనిపించేవి. కానీ అవన్నీ పత్తి చేలు.

"షుక్రియా పటేలా. నెట్ హౌస్ ఒకసారి చూస్త."

"చూడండి," అన్నాడు రిచర్డ్. "నేను చూడనిది ఏమన్నా మిగిలి ఉంటే నాకూ చెప్పండి."

*

పురుగులు, తేనెటీగలు రాకుండా నలువైపులా సన్నని వల కట్టిన షెడ్డు అది. లోపల కుండీల్లో సోయా మొక్కలు వరసగా ఉన్నాయి. తోటపని చేసే శివమ్మ పైపుతో నీళ్ళు పడుతోంది. అడుగుల చప్పుడు విని ఆగింది.

"ఎవరు?"

"నౌషీన్. మోహసిన్ తరఫున వచ్చిన."

"మోహసినా?" శివమ్మ పైపును పక్క కుండీలో పెట్టి దగ్గరికొచ్చి, ఆమె మొహాన్ని అరచేతి దూరం నుంచి చూసింది. "కండ్లల్ల పొర వచ్చిందమ్మా. దగ్గరికొస్తే గాని ఆనుతలేదు. ఉగాది సంది క్రాసింగ్ పని బందువెట్టిన. నీళ్ళు పట్టుడు, గడ్డి తీసుడు, గంతే."

"మరి క్రాసింగ్ ఎవరు చేస్తుండిరి?"

"సార్, మోహసిన్. ఇంకెవ్వరిని చెట్టు ముట్టనియ్యడు సార్."

"సాయంత్రం పూట చేస్తరా?"

"సాయంత్రం ఏముంటదమ్మా గీడ? పొద్దున ఎండ ఎక్కకముందే మొగ్గ చీలుస్తరు, అప్పుడే పుప్పొడి పెడతరు. అయిపాయె."

నౌషీన్ దగ్గరున్న కుండీ మీదికి వంగింది. ఆకు మొదట్లో దాక్కుని తెల్లపూలు. పువ్వు అంటే పువ్వు కాదు, కందిగింజంత ఉంది. విచ్చని మొగ్గ బియ్యపుగింజలో సగం. గోటితో పట్టుకుంటే నలిగిపోయింది. పర్సులోంచి బస్సు టికెట్ తీసి, చిన్న ముక్క చింపి, ఇంకో మొగ్గకు చుట్టబోయింది. కాయితం బరువుకు మొగ్గ రాలి కింద పడింది.

దీనికి ఎర్ర కాయితం తొడగడం ఎవరివల్లా కాదు. పత్తి పువ్వు తప్ప ఇంకో పువ్వు చూడని మనిషి, అన్ని పూలకూ అదే పద్ధతి అనుకుని కథ కట్టాడు. శశిధర్ శనివారం సాయంత్రం ఇక్కడ చూశానన్నది చూడలేదు. మోహసిన్‌కు వ్యతిరేకంగా ఉన్న సాక్షి ఆయన ఒక్కడే. కోర్టుకు తీసుకెళ్ళే ముందు ఆ ఎర్ర కాయితం మాట సీఐ ముందు ఇంకొక్కసారి ఆయన నోటితో అనిపిస్తే చాలు. అప్పటిదాకా ఎవరికీ తెలియకూడదు. ముఖ్యంగా రిచర్డ్‌కు. తెలిస్తే గంటలో ఆ మాట మారిపోతుంది.

ఆమె టికెట్ ముక్కలు పర్సులో వేసుకుంది.

మూలన బల్ల మీద చిన్న ఫ్రిజ్. తెరిచింది. పుప్పొడి దాచే చిన్న సీసాలు, మందు డబ్బాలు. తలుపు అరలో మాత్రం తడి ఆరని ఖాళీ చోటు.

"గీడ ఏముండె శివమ్మా?"

పైపు నీళ్ళు ఆ ఒక్క కుండీలోకే పోతున్నాయి. కుండీ నిండి పొంగుతోంది.

"సార్ షుగర్ సూదిమందు," అంది శివమ్మ చివరికి. "పోలీసోళ్ళు తీసుకపోయిన్రేమో."

"నీళ్ళు పొంగుతున్నయి."

"ఆఁ," అని శివమ్మ పైపు వెతుక్కుంటూ వంగింది.

*

"ఇంకా అయిపోలేదా మేడం?"

రిచర్డ్ వల తలుపు తెరుచుకుని లోపలికి వచ్చాడు. బూట్ల కింద ఇసుక కరకరమంది. రక్తం ఉన్న చోట పోలీసులు పోసిన ఇసుక అది.

"చూస్తున్న."

"నేను ఆదివారమే చూసిన. చూడండి," అని ఫోను తీసి ఫొటోలు ఒకటొకటిగా జరిపాడు. రక్తపు మరక. తెరిచి ఉన్న చల్లగది. ఖాళీ అర. బల్ల. తలుపు తెరిచిన ఫ్రిజ్, దాని అరలో వరసగా మూడు ఇన్సులిన్ పెన్నులు. నౌషీన్ ఆ ఫొటో దగ్గర ఆగలేదు. రిచర్డ్ కూడా ఆగలేదు. "ఒక్కటి వదల్లేదు. మీరు బీమా కేసుల్లో చేను ఎండిందా, తడిసిందా చూస్తుండిరి. ఇది మర్డర్."

"శవం ఉన్నదా?"

"మంజీరలో నీళ్ళు తగ్గంగనే దొరుకుతుంది."

"దొరకకపోతే?"

"మీకు ఆ పోరడి మీద ఎందుకింత ప్రేమ? మీ గల్లీ వాడనా?"

"అవ్," అంది నౌషీన్. "మా గల్లీ వాడే. మీకు పటేల్ మీద ఎందుకో నేను అడుగుతలేను కదా."

రిచర్డ్ నవ్వాడు. "బాగుంది. నిద్ర లేకున్నా నోరు మాత్రం మేలుకునే ఉంది. ఒక మాట చెప్తా వినండి. సంచులు దొరికినా దొరక్కపోయినా కేసు నిలబడుతుంది. తాళం ఉంది, గొడవ ఉంది, చూసిన సాక్షి ఉండు. మీరు ఇంటికి పోయి పడుకోండి. ఆ తల్లికి మంచి వకీలును చూడమని చెప్పండి. నేను ఫోన్ నంబర్ ఇస్తా."

"సంచులల్ల ఏముండెనో మీకు తెలుసా?"

"విత్తనాలు."

"అమ్మితే మీకేమిస్తరు వాటికి? తూకానికి అమ్మితే పప్పు మిల్లోడు కూడా వంద ప్రశ్నలు అడుగుతడు. అవి ఏంటివో తెలిసిన కంపెనీకి అమ్మితేనే పైసలు. కంపెనీ మెట్లెక్కి బేరమాడే మనిషా మోహసిన్? వాడు స్కూటీకి పెట్రోల్ కూడా అప్పు పోయించుకుంటడు."

"మరి ఎవరంటారు?"

నౌషీన్ ముందుకు నడిచింది. నిజానికి ఆ మాటలకు మించి బుర్రలో ఏమీ కదలడం లేదు. కళ్ళు మండుతున్నాయి. షెడ్డు చివర దారాల మీదికి పాకించిన నల్లగింజ తీగ కనిపించింది. ఆకుల నడుమ ఊదా రంగు చుక్కలు. పూసింది. జయానందం తిట్టుకుంటూ ఎదురుచూసిన పువ్వు ఆయన పోయాక పూసింది. ఆమెకు ఎందుకో ఆ మొక్క మీద జాలి వేసింది.

పక్కనే తెల్లపువ్వు మొక్కల వరస. కాడలకు కట్టిన దారాలు చాలావరకు వానకు మాసి, మట్టి చింది, రంగు పోయి ఉన్నాయి. ఒక్క కాడకు మాత్రం దారం ఇప్పుడే ఉండలోంచి తీసినట్టు తెల్లగా ఉంది.

ముడిలో ఊదా పువ్వు ఒకటి ఇరికించి ఉంది.

రేకు వాడలేదు. తడి కూడా పోలేదు. ఈ పొద్దున విచ్చిన పువ్వు.

మోహసిన్ నిన్నటి నుంచి స్టేషన్‌లో ఉన్నాడు. శివమ్మకు అరచెయ్యి దాటితే కనబడదు. ఈ మొక్కలను ముట్టుకునేది మూడో మనిషి ఒక్కడే. చీటీ కట్టకుండా తండ్రి పువ్వును ముడిలో ఇరికించే మనిషీ ఆ ఒక్కడే.

జయానందం బతికి ఉన్నాడు. ఈ పొద్దున ఇక్కడికి వచ్చి క్రాసింగ్ చేసి వెళ్ళాడు.

అంతసేపూ ముద్దలా ఉన్న తల ఒక్కసారి తేలికైంది. శవమే లేదు. హత్యే లేదు. తాజ్ బీ బెంచీ మీంచి లేవొచ్చు.

ఆమె తల ఎత్తింది. రిచర్డ్ మొక్కను చూడటం లేదు. ఆమె మొహాన్ని చూస్తున్నాడు.

"పొద్దటి నుంచి ఇప్పుడే నిద్ర లేచారు మేడం," అన్నాడు మెల్లగా.

"ఎండ కొడుతుంది. గంతే."

"కాదు." అతను ఆమె పక్కకు వచ్చి, వంగి, ఆమె చూసిన చోటే చూశాడు. దారం. పువ్వు. చెయ్యి చాపి కాడతో సహా తెంపాడు. "నాకు మొక్కలు తెలియవు. మనుషుల మొహాలు తెలుసు. ముప్పై ఏళ్ళు అదే పని. ఈ పువ్వు మీకేం చెప్పింది?"

"తెంపకుండ్రి," అంది నౌషీన్. అనగానే నాలుక కరుచుకుంది. వదిలేయాల్సింది.

రిచర్డ్ ఊదా పువ్వును గోటితో విప్పి చూశాడు. వేలికి తడి అంటింది. తీగ వైపు చూశాడు. శివమ్మ వైపు చూశాడు. ఆమె పైపు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది.

"ఇది తాజా పువ్వు," అన్నాడు తనలో తాను. "కట్టింది ఈమె కాదు. లోపలున్న పోరడు కాదు." ఆగాడు. తర్వాత ఫోను తీసి, ఇందాకటి ఫొటో వెతికి, ఫ్రిజ్ దగ్గరికి పోయి తలుపు తెరిచాడు. ఖాళీ అరను, ఫొటోను పక్కపక్కన పెట్టి చూశాడు.

నౌషీన్ అడ్డం పోలేదు. పోయినా లాభం లేదు.

"థాంక్యూ మేడం," అన్నాడు రిచర్డ్. పువ్వును చొక్కా జేబులో వేసుకుని, ఫోను చెవికి పెట్టుకుంటూ బయటికి నడిచాడు.

వల గోడ కాదు. మాటలు ఆగవు.

"సార్, మీరు శనివారం పని సగంలనే వదిలిపెట్టినట్టున్నరు... అవ్, ఆయనే. బతికే ఉండు... అరవకండి సార్, బిడ్డ వింటది. ఇక్కడికే వస్తుండు, పువ్వు కోసం. రేపు కూడా వస్తడు. నేను చూసుకుంట, మీరు ఇంటికి పోండి... ఎవరో సాయం చేస్తుండ్రు సార్. ఇన్సులిన్ పట్టుకపోయిండ్రు. అది ఐసు డబ్బాల పెట్టకుంటే పాడైతది కదా, అట్లాంటిది ఎవరి దగ్గర ఉన్నదో ఆలోచించండి."

శశిధర్ అబద్ధం ఎందుకు ఆడాడో నౌషీన్‌కు ఇప్పుడు తెలిసింది. కొట్టింది ఆయనే. కంపెనీకి అమ్ముకోవడానికి సంచుల కోసం కొట్టాడు. సంచులు దొరకలేదు, మనిషీ దొరకలేదు. నిందకు మోహసిన్ దొరికాడు.

ఆమె శివమ్మ చెయ్యి పట్టుకుంది. "శివమ్మా, ఇంక దాయకు. సార్ ఎక్కడున్నడు? ఇప్పుడే చెప్పి పంపాలె."

శివమ్మ పైపు కింద వదిలేసింది. "వద్దన్న అమ్మా. పువ్వు కోసం రావద్దు సారూ అన్న. నాలుగు దినాలే పూస్తది, మళ్ళ ఎప్పుడో ఏమో అన్నడు. సంచులు ఆయన్నే ముందుగాల్ల దాసిండు. ఎక్కడనో నాకు కూడా చెప్పలే."

"మనిషి ఎక్కడ?"

"తలకు కుట్లు వేసింది గా పిల్లనే. శనివారం నాయినను వెతుక్కుంట వచ్చి చూసింది. నాయినను పోలీసులకు పట్టియ్య చాతగాలే, సార్‌ను సావనియ్య చాతగాలే. ఏడ్సుకుంట కారుల ఏసుకపోయింది. దినాం తెల్లారకముందు తీసుకొచ్చి, తీసుకపోతుంది. సూదిమందు కూడా పొద్దున గా టీకాల ఐసు డబ్బాలనే పెట్టుకపోయింది."

"ఏ పిల్ల?" అని అడిగింది నౌషీన్. జవాబు ఆమెకు అప్పటికే తెలుసు.

"ఇషితమ్మ. పటేల్ ఇంట్లనే ఉన్నడు సార్. తూప్రాన్ల. పాత పత్తి గింజల అర్ర ఉంటదట మిద్దె మీద. ఎవ్వరు ఎక్కరట అక్కడికి."

వలలోంచి వరండా కనబడుతోంది. శశిధర్ ఫోను చెవి దగ్గరి నుంచి దించాడు. తర్వాత తల తిప్పి, మెట్ల కింద ఆగి ఉన్న కారు వైపు చూశాడు. స్టీరింగ్ ముందున్న కూతురిని కాదు. వెనక సీటును.

ఒక్కొక్క మెట్టే దిగాడు.

నౌషీన్ లెక్క వేసుకోవడానికి వ్యవధి లేదు. ఆమె దగ్గర మిగిలింది ఒక్క ఆయుధం, ఆ ఎర్ర కాయితం మాట. దాన్ని సీఐ ముందు తీస్తే మోహసిన్ బయటికొస్తాడు. ఇక్కడ తీస్తే సాయంత్రానికల్లా శశిధర్ మాట మార్చేస్తాడు, అది ఎందుకూ పనికిరాదు. కానీ ఆ డబ్బా తెరిస్తే మిద్దె మీది మనిషి రాత్రికి ఉండడు. ఆయన బతికి ఉంటే మోహసిన్‌ను విడిపించడానికి ఆయన మాటే చాలు.

ఆమె వల తలుపు తోసుకుని బయటికి వచ్చింది. పరుగెత్తే మోకాళ్ళు కావు. నడవగలిగినంత వేగంగా నడిచింది. రిచర్డ్ ఆమెను చూసి అడ్డం రాబోయి, ఎందుకో ఆగాడు.

శశిధర్ కారు వెనక తలుపు తెరిచాడు. ఇషిత రెండు చేతులూ స్టీరింగ్ మీద బిగిసి ఉన్నాయి. ఆమె వెనక్కి తిరగలేదు.

"పటేలా," అంది నౌషీన్. "గా ఎర్ర కాయితం గురించి ఒక్క మాట అడగాలె."

"తర్వాత అడుగుండ్రి."

"సోయా మొగ్గ బియ్యపుగింజంత కూడా ఉండదు పటేలా. దానికి కాయితం ఎట్ల తొడిగిండు డాక్టర్ సార్? మీరు చూసింది సోయానా, పత్తినా?"

రిచర్డ్ మొహంలో రంగు మారింది. శశిధర్ మెల్లగా ఆమె వైపు తిరిగాడు.

ఆయన చెయ్యి మాత్రం డబ్బా మూత మీదే ఉంది.